ఎం.ఏ. పరిశోధన: మన గురించి మనం సమకూర్చుకోవలసిన ఆధారం

(రాజమహేంద్రవరంలో స్నాతకోత్తర విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మా ఎదుట కూర్చున్న విద్యార్థులలో చాలామంది పీజీ చివరి సంవత్సరంలో ఉన్నారు. కొందరిది చరిత్ర, కొందరిది అర్థశాస్త్రం, కొందరిది సామాజిక సేవ, కొందరిది తెలుగు. అందరి ముందూ ఒక పని ఉంది. దానిని ఒక విభాగంలో ప్రాజెక్టు అంటారు, మరొక విభాగంలో డిసర్టేషన్ అంటారు, తెలుగు శాఖవారు లఘు సిద్ధాంత వ్యాసం అంటారు. పేరు ఏదైనా పని స్వరూపం ఒక్కటే. ఒక ప్రశ్నను మీరే ఎంచుకోవాలి. దానికి కావలసిన ఆధారాలను మీరే వెదకాలి. వాటిని తూచి మీరే ఒక నిర్ణయానికి రావాలి. ఆ నిర్ణయాన్ని ఎవరు అడిగినా నిరూపించగలిగేలా కాగితం మీద పెట్టాలి.

ఒకటో తరగతి నుంచి ఇంతవరకు మీకు ప్రశ్నపత్రం ఇంకొకరు ఇచ్చారు. జవాబు పుస్తకంలో ముందే ఉంది. మొట్టమొదటిసారిగా ప్రశ్న మీది, జవాబు ఎక్కడా సిద్ధంగా లేదు. అందుకే తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారు సైతం ఇక్కడ తడబడతారు. ఈ దశలో చదువు ఆపివేసినవారిని, చివరి వారంలో జిరాక్సు కొట్టు నుంచి ఎవరిదో పాత ప్రాజెక్టు తెచ్చి పేరు మార్చి ఇచ్చినవారిని మేము చూస్తూనే ఉన్నాము. ఈ రెండూ జరగకుండా ఉండాలన్నదే ఈనాటి మా మాటల ఉద్దేశం.

ఇది కేవలం మార్కుల విషయమైతే మేము ఇంతమందిని ఒకచోటికి పిలిచేవాళ్లం కాము. దీని వెనుక సముదాయానికి సంబంధించిన విషయం ఒకటి ఉంది.

2005లో ఏర్పడిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో తన నివేదికను ప్రధానమంత్రికి సమర్పించింది. దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ చదివేవారిలో 25 మందికి ఒకరు, పీజీ చదివేవారిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని ఆ నివేదిక లెక్క తేల్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో మన వాటా 13.4 శాతం. మెట్టు ఎక్కినకొద్దీ మన సంఖ్య ఎలా కరిగిపోతున్నదో ఈ అంకెలే చెబుతున్నాయి. ఈ విషయం మనకు అంతకుముందే అనుభవంలో ఉంది. కాని నివేదిక వచ్చేవరకు అది ఫిర్యాదుగానే మిగిలింది. అంకెగా మారిన తరువాతనే పార్లమెంటులో, పత్రికలలో, న్యాయస్థానాలలో దానికి జవాబు చెప్పవలసిన అవసరం ప్రభుత్వాలకు ఏర్పడింది.

మన రాష్ట్రంలో రిజర్వేషన్ల చరిత్ర మరింత స్పష్టమైన పాఠం. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉత్తర్వు జారీ చేసింది. వెనుకబడిన తరగతుల కమిషన్‌ను సంప్రదించలేదన్న కారణంతో హైకోర్టు దానిని కొట్టివేసింది. 2005లో తెచ్చిన చట్టమూ నిలవలేదు. పి.ఎస్. కృష్ణన్ నివేదిక తరువాత 2007లో 14 సముదాయాలను బి.సి. 'ఇ' జాబితాలో చేర్చి 4 శాతం రిజర్వేషన్ కల్పించారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేసింది. ఆ ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే ఆ 4 శాతం కొనసాగుతూ వచ్చింది. ఈ తీర్పులకు కారణాలు అనేకం. అయితే వెనుకబాటుతనాన్ని నిర్ధారించిన పద్ధతి శాస్త్రీయంగా లేదని, సేకరించిన సమాచారం చాలదని వచ్చిన ఆక్షేపణ వాటిలో ముఖ్యమైనది. అంటే మన పిల్లల సీట్లు, ఉద్యోగాలు చివరికి ఆధారాల దగ్గర ఆగాయి. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ఫకీరు సాయిబులు, తురక కాశలు, గుడ్డి ఎలుగువాళ్లు అని ఆ జాబితాలో ఉన్న పేర్లు మనమందరం చదివాము. ఆ కుటుంబాలు మన డెల్టాలో ఏ ఊళ్లలో ఉన్నాయి, వారి పిల్లలు ఏ తరగతి వరకు చదివారు అని అడిగితే చేతిలో పెట్టగల కాగితం ఎంతమంది దగ్గర ఉంది?

తెలంగాణ ప్రభుత్వం తన రాష్ట్రంలోని ముస్లింల స్థితిగతుల మీద సుధీర్ కమిషన్‌ను నియమించుకుంది. 2016లో నివేదిక వచ్చింది. అది అక్కడి వారికి ఉపయోగపడుతుంది. కాకినాడ జగన్నాథపురం గురించి, నరసాపురం గురించి, అమలాపురం గురించి అందులో ఉండదు. ఆ ఖాళీని ఒక కమిషన్ వచ్చి పూరించేవరకు ఎదురుచూడటం ఒక మార్గం. ఏటా మన పిల్లలు రాసే పరిశోధనా పత్రాలతో కొంచెం కొంచెంగా పూరించుకోవడం మరొక మార్గం. ఒక పత్రం ఒక పేట గురించి నిజం చెప్పినా చాలు. పది సంవత్సరాలలో పది పేటల చిత్రం తయారవుతుంది.

ఇంకొక మాట. ఎం.ఫిల్., పీహెచ్‌డీ చేసే మైనారిటీ విద్యార్థులకు 2009 నుంచి అందిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022లో నిలిపివేసింది. దానివల్ల పై చదువు చాలామందికి దూరమైంది. మీలో అనేకులకు ఈ పీజీ పత్రమే మొదటి పరిశోధన, బహుశా చివరి పరిశోధన కూడా కావచ్చు. అలాంటప్పుడు దానిని వ్యర్థం చేసుకోకూడదు.

ఇక విషయం ఎంపిక. 'ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల ఆర్థిక పరిస్థితి' అని శీర్షిక పెట్టుకుని వచ్చే విద్యార్థులు ప్రతి సంవత్సరం కనబడతారు. అది ఒక కమిషన్ చేయవలసిన పని. ఒక విద్యార్థి, ఒక సెమిస్టరు, బస్సు చార్జీలకు ఇంట్లో ఇచ్చే డబ్బు. ఈ మూడింటికి సరిపడేంత చిన్నదిగా ప్రశ్న ఉండాలి. చిన్న ప్రశ్న పూర్తవుతుంది. పెద్ద ప్రశ్న పుస్తకాలలోని పేరాలు తిరగరాయడంతో ముగుస్తుంది.

మన గోదావరి తీరంలో విషయాలకు కొదవ లేదు. ఇదే నగరంలోని జామియా మసీదు ద్వారం మీద పారశీక శాసనం ఉంది. హిజ్రీ 724, అంటే 1324 నాటిది. ఉలుగ్ ఖాన్ కాలంలో సాలార్ ఉల్వీ నిర్మించినట్లు చెబుతుంది. ఏడు వందల ఏళ్ల నాటి ఆ శాసనం కింద నుంచి మనం ప్రతి శుక్రవారం నడిచి వెళ్తాము. చరిత్ర విద్యార్థి దాని పాఠాన్ని, దాని మీద ఇంతవరకు పండితులు రాసినదాన్ని పోల్చి చూస్తే అదొక చక్కని పత్రం.

పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885-1945) తెలుగులో కావ్యాలు, నాటకాలు, నవలలు రాశారు. ఉమర్ ఖయ్యామ్‌ను తెలుగు చేశారు. 1935 నుంచి కేంద్ర శాసనసభ సభ్యులుగా ఉన్నారు. తెలుగు శాఖ విద్యార్థి ఆయన సమస్త సాహిత్యం జోలికి పోకుండా, ఒకే ఒక నాటకంలోని స్త్రీ పాత్రల మీద పని చేయవచ్చు. 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన జాతీయ కాంగ్రెస్ మహాసభకు మౌలానా మహమ్మదలీ అధ్యక్షత వహించారు. ఆ రోజులలో తెలుగు పత్రికలు ఆ సభను ఎలా వర్ణించాయి అన్నది ఇంకొక ప్రశ్న. దానికి కావలసిన పత్రికల సంచికలు దొరుకుతాయి.

వర్తమానం లోనూ ఎన్నో ఉన్నాయి. కోనసీమ నుంచి, నరసాపురం ప్రాంతం నుంచి అన్ని మతాల స్త్రీలు ఇంటిపనికి కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. అలా వెళ్లడానికి 30 ఏళ్లు నిండి ఉండాలన్న నిబంధన ఉంది. తల్లి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో పిల్లల చదువు ఎవరు చూస్తున్నారు? ఒక్క ఊరిలో ఇరవై కుటుంబాలతో మాట్లాడితే ఇది సమగ్రమైన పరిశోధన. దూదేకులవారు, అంటే నూర్‌బాషాలు, బి.సి. 'బి'లో ఉన్నారు. యంత్రాలు, ఫోము పరుపులు వచ్చాక దూదేకే వృత్తి ఏమైంది, ఆ కుటుంబాలలోని రెండో తరం ఏ పనికి వెళ్లింది? అర్థశాస్త్ర విద్యార్థికి ఇది చాలును.

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయన్నది తరువాతి ప్రశ్న. మనకు దగ్గరలోనే గౌతమీ గ్రంథాలయం ఉంది. 1898 నాటి వాసురాయ గ్రంథాలయం దానికి మూలం. ఇదే నగరంలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. రాళ్లబండి సుబ్బారావుగారి పేరిట పురావస్తు ప్రదర్శనశాల ఉంది. పరిశోధన అంటే హైదరాబాదుకో ఢిల్లీకో పోవాలనుకునేవారు ముందు ఈ గడపలు ఎక్కాలి. 1907లో వెలువడిన హెమింగ్వే గోదావరి జిల్లా గెజిటీరు, 1878 నాటి హెన్రీ మోరిస్ గ్రంథం చదివితే ఈ ప్రాంతంలో ఏ పేరు ఏనాటిదో తెలుస్తుంది. అవి తెల్లదొరల పాలన కోసం రాసినవన్న జాగ్రత్తతో చదవాలి. పాత తెలుగు పత్రికలు ప్రెస్ అకాడమీ భాండాగారంలో ఇంటి నుంచే చూడవచ్చు. దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు శోధగంగలో ఉచితంగా చదవవచ్చు. మీ విషయం మీద ముందే ఎవరైనా పని చేశారా అని అక్కడ చూడకుండా మొదటి పేరా రాయకండి.

అంకెల విషయంలో ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించారు. నాటి ఉభయ గోదావరి జిల్లాల డెల్టా నేడు తూర్పు గోదావరి, కాకినాడ, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలలో ఉంది. 2021లో జరగవలసిన జనాభా లెక్కలు జరగలేదు. కనుక మత ప్రాతిపదికన అంకెలు కావాలంటే 2011 నాటివి, అవీ పాత జిల్లాల ప్రకారం, తీసుకోవాలి. పాత తూర్పు గోదావరి అంకెను కొత్త తూర్పు గోదావరి అంకెగా రాస్తే పత్రం అక్కడే తప్పిపోతుంది. 2011 లెక్కలలో మతాలవారీ పట్టిక మండలం వరకు ఉంది. ఆ మండలాలను కూడి కొత్త జిల్లా అంకెను తయారు చేసుకోవచ్చు. అలా చేసినట్లు పత్రంలో స్పష్టంగా చెప్పాలి.

కార్యాలయాలలో ఉన్న సమాచారం కోసం 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఒక మండలంలోని ఉన్నత పాఠశాలల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులలో ముస్లిం బాలికలు ఎంతమంది అని అడగవచ్చు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. కాబట్టి ఆ దరఖాస్తు మొదటి వారంలోనే పోవాలి.

ఇక క్షేత్ర పర్యటన. మన పేటలోనే పని చేయడంలో సౌలభ్యం ఉంది, ప్రమాదమూ ఉంది. తలుపు తీస్తారు, చాయ్ ఇస్తారు, కాని నిజం చెప్పకపోవచ్చు. మామయ్యను వెంటబెట్టుకు వెళితే మామయ్యకు నచ్చే జవాబే వస్తుంది. వీలైనంతవరకు ఒంటరిగా, లేదా తోటి విద్యార్థితో వెళ్లాలి. ఇంటి ఆడవారితో ఆడపిల్లలు మాట్లాడగలిగినంతగా మగపిల్లలు మాట్లాడలేరు. మన సముదాయంలో స్త్రీల జీవితం మీద సరైన సమాచారం రావాలంటే మన అమ్మాయిలే పరిశోధకులు కావాలి. వేరెవరూ ఆ పని చేయలేరు.

మాట్లాడేముందు అనుమతి అడగాలి, ఎందుకు అడుగుతున్నారో చెప్పాలి. పత్రంలో పేర్లు రాయరాదు. ఒక పెద్ద నగరంలో పేరు తీసేస్తే మనిషి దాగుతాడు. మన పల్లెలలో అలా కాదు. ఒక ఊరిలో మనవి ముప్పై ఇళ్లే ఉన్నప్పుడు 'కుట్టుపని చేసే ఒక వితంతువు' అంటేనే ఆమె ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. వృత్తి, వయసు, ఊరు మూడూ ఒకేచోట రాయకుండా జాగ్రత్తపడాలి. మనల్ని నమ్మి నోరు విప్పిన మనిషికి మన పత్రం వల్ల హాని కలగరాదు.

ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పీజీలో ఇంగ్లీషు. ఇది మన పిల్లల మీద ఉన్న భారమని అందరూ అంటారు. క్షేత్రంలో అదే వారి బలం. ముసలమ్మ తెలుగు కలిసిన ఉర్దూలో చెప్పిన మాటను ఆమె మాటగానే ముందు రాసుకోండి. దాని అర్థాన్ని పత్రం భాషలోకి తరువాత తేవచ్చు. తెలుగులో రాసేవారు యూనికోడ్‌లోనే టైపు చేయించండి. అను ఖతులలో చేయిస్తే రేపు ఎవరైనా ఆ పత్రాన్ని వెదకాలన్నా, మరొకచోట తెరవాలన్నా అక్షరాలు చెదిరిపోతాయి.

తేలిన విషయం మనకు నచ్చకపోతే ఏం చేయాలి? ఇది హక్కుల కోసం పనిచేసే మనకు కఠినమైన ప్రశ్న. వివక్ష వల్లనే ఆడపిల్లలు బడి మానుతున్నారని నిరూపించాలని మీరు బయలుదేరారు అనుకుందాం. ఇరవై ఇళ్లు తిరిగాక ఎనిమిది ఇళ్లలో పెళ్లి, ఆరింట బడి దూరం, మూడింట మాత్రమే బడిలో ఎదురైన అవమానం కారణమని తేలింది అనుకుందాం. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ మూడూ రాయండి, ఆ ఎనిమిదీ రాయండి. మనకు నచ్చని అంకెను దాచిన పత్రంలో మనకు అనుకూలమైన అంకెను కూడా ఎవరూ నమ్మరు. న్యాయస్థానం అసలే నమ్మదు. పైగా ఆ ఎనిమిది ఇళ్ల సంగతి తెలిస్తేనే మనం ఏ గడప ఎక్కి ఏం మాట్లాడాలో మనకు తెలుస్తుంది.

కొన్న ప్రాజెక్టుల గురించి చెప్పకుండా ముందుకు పోలేము. 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం పోలికలు 10 శాతం దాటితే సరిదిద్ది మళ్లీ ఇవ్వమంటారు. 40 దాటితే ఏడాదిపాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు చేస్తారు. అయితే మాకు శిక్ష కన్నా పెద్ద విషయం వేరే ఉంది. హదీసును స్వీకరించేముందు ఇది ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు అని ఇస్నాద్‌ను, అంటే కథకుల పరంపరను, పరీక్షించిన విద్యా సంప్రదాయం మనది. ఒక మాటను దాని మూలం చెప్పకుండా వాడుకోవడం ఆ సంప్రదాయంలో చెల్లదు. పాదసూచిక అన్నది విశ్వవిద్యాలయం మన నెత్తిన పెట్టిన కొత్త బరువేమీ కాదు. ఆ పాత క్రమశిక్షణే మరో రూపంలో ఉంది.

కాలం సంగతి. సెమిస్టరులో చేతికి వచ్చేవి సుమారు పదహారు వారాలు. మొదటి రెండు వారాలు ప్రశ్నను చిన్నది చేసుకోవడానికి, మూడు వారాలు చదవడానికి, నాలుగు వారాలు క్షేత్రానికి, నాలుగు వారాలు రాయడానికి, రెండు వారాలు గైడు సూచనల ప్రకారం దిద్దడానికి, చివరి వారం బైండింగుకు. ఈ సంవత్సరాలలో రంజాన్ ఏడాది మొదటి నెలల్లోనే వస్తోంది. ఉపవాస మాసంలో ఇంటింటి సర్వే పెట్టుకోకండి. ఆ నెల చదవడానికి, రాయడానికి కేటాయించండి. దాళ్వా కోతల సమయంలో కూలికి వెళ్లే ఇళ్లలో పగలు ఎవరూ దొరకరు. ఇవి మీ ఊరి లెక్కలు, ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

పీఠిక ముందు రాయాలని కూర్చుంటే నెల గడిచిపోతుంది. మీరు చూసినది, విన్నది ఉన్న అధ్యాయాన్ని ముందు రాయండి, పీఠిక చివరకు వదలండి. గైడుగారి దగ్గరకు పదిహేను రోజులకు ఒకసారి నాలుగు పుటలతో వెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్లినవారికి ఏ గురువు ఏమి చెప్పగలరు? ఆయన కొట్టివేసిన వాక్యాన్ని చూసి చిన్నబోకండి. వైవాలో బయటివారు అడగబోయే ప్రశ్నను ఆయన ముందే అడిగారనుకోండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఫీజు కట్టారు, పుస్తకాలు కొన్నారు, ఇంతదూరం తెచ్చారు. ఈ నాలుగు నెలలు దుకాణం మీద కూర్చోబెట్టడానికి అబ్బాయిని పిలవకండి. అమ్మాయి సంబంధం వస్తే వైవా తేదీ తరువాత ముహూర్తం పెట్టుకోండి. నాలుగు ఊళ్లు తిరగాలని ఆమె అంటే అన్ననో, తోటి విద్యార్థినినో తోడిచ్చి పంపండి. వెళ్లవద్దని మాత్రం అనకండి. మూడు సెమిస్టర్లు చదివి నాలుగో దానిలో ఆగినవారికి చేతికి డిగ్రీ రాదు. ఆ తరువాత తిరిగి వచ్చి పూర్తి చేస్తామన్నవారిలో నిజంగా వచ్చేవారు అరుదు.

చివరిగా, వైవా ముగిసిన మరునాటి పని. పత్రం ప్రతి ఒకటి విభాగంలో ఉంటుంది, ఒకటి మీ ఇంటి అటక ఎక్కుతుంది. అలా కానివ్వకండి. నాలుగు పుటల సారాంశాన్ని సులభమైన తెలుగులో రాయండి. మీరు ప్రశ్నలు అడిగిన పేటలో, ఏదో ఒక సాయంత్రం, ఆ ఇళ్లవారికి చదివి వినిపించండి. వారిచ్చిన సమాచారం వారికి తిరిగి చేరాలి. తప్పు ఉంటే వారే దిద్దుతారు. ఒక ప్రతి స్థానిక గ్రంథాలయానికి ఇవ్వండి. ఒక ప్రతి ఇలాంటి పత్రికకు పంపండి. మరుసటి సంవత్సరం వచ్చే విద్యార్థి మీ పత్రం ఆగినచోట నుంచి మొదలుపెడతాడు. అతడు మళ్లీ మొదటి ఇంటి తలుపు తట్టనవసరం ఉండదు.

ఇక్కడ ఉన్న ప్రతి విద్యార్థి వచ్చే శుక్రవారం లోగా తన ప్రశ్నను ఒకే ఒక్క వాక్యంలో కాగితం మీద రాసి మాకు చూపాలని కోరుతున్నాము. ఆ వాక్యంలో ఒక ఊరి పేరు ఉండాలి, ఒక కాలం ఉండాలి, చివర ప్రశ్నార్థకం ఉండాలి. దానిని ఎలా చిన్నది చేయాలో, ఎవరిని కలవాలో, ఏ పుస్తకం చూడాలో కూర్చుని మాట్లాడుకుందాము. అల్లాహ్ మీ శ్రమను సఫలం చేయుగాక.